పగడపు తోటలో అతిథులు

ఎర్రని పాత ఇరవై రూపాయల నోటును ఎరుగని తెలుగు ఇల్లు లేదు. దాని వెనుకవైపు కొబ్బరిచెట్ల నడుమ నుండి సముద్రమూ, ఆవలి ఒడ్డున కొండకొనపై నిలిచిన దీపస్తంభమూ కనిపిస్తాయి. అండమాన్ దీవులలోని నార్త్ బే తీరదృశ్యమది. 2021లో మౌంట్ మణిపూర్‌గా పేరు మారిన మౌంట్ హారియట్ కొండ మీది నుండి చూచినవారికి ఆ దృశ్యం నేటికీ కనువిందు చేస్తుంది. 2019లో వచ్చిన కొత్త నోటుపై ఎల్లోరా గుహలు చోటు చేసుకొన్నా, పాత నోట్లకు విలువ పోలేదు. అయితే ఆ నోటు చూపించేది నీటి పైభాగాన్ని మాత్రమే. అసలైన సంపద నీటి అడుగున, ఎంతో లోతు లేని చోటనే ఉన్నది. అది పగడపు దిబ్బ.

2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్ట్‌బ్లెయిర్ నగరానికి ఈ తీరం ఎదురుగానే ఉన్నది. పడవ ఎక్కితే కొద్దిసేపటి ప్రయాణం. ఆ నగరం తెలుగువారికి పరాయిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి సముద్రం దాటి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ అనేకం. నాడు తెలుగువారు ఆ దీవులకు బ్రతుకుతెరువు కోసం వెళ్ళారు. నేడు తెలుగు యువత వినోదం కోసం వెళుతున్నది.

ఆ వెళ్ళేవారిలో హైదరాబాదు హైటెక్ సిటీ ఉద్యోగులది ఒక ప్రత్యేకమైన స్థానం. 1998లో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలు ఒకదాని వెంట ఒకటిగా గాజు మేడలతో నిండిపోయాయి. వారంలో ఐదు రోజులు కంప్యూటరు తెరను చూచి అలసిన కన్నులు ఆరవనాడు ఆకాశాన్నీ, సముద్రాన్నీ కోరుకోవటం సహజం. శుక్రవారమో, సోమవారమో పండుగ కలిసి వచ్చినదంటే మూడు రోజుల యాత్రకు సన్నాహాలు మొదలవుతాయి. చేతిలో వేతనమున్నది, శంషాబాదులో విమానమున్నది. ఆ కోరికలో దోషమేమీ లేదు. దోషముంటే గింటే, వెళ్ళినచోట మెలిగే తీరులో ఉండవచ్చును.

పగడపు దిబ్బను చూడటానికి సులభమైన మార్గం స్నోర్కెలింగ్. కన్నులకూ ముక్కుకూ అద్దపు తొడుగు, నోటిలో నీటి పైకి తేలి ఉండే ఒక గొట్టం, పాదాలకు చేప రెక్కల వంటి తొడుగులు ఉంటే చాలును. బోర్లా తేలుతూ, గొట్టంతో గాలి పీల్చుకుంటూ, క్రిందనున్న ప్రపంచాన్ని చూస్తూ ఉండవచ్చును. వీపున గాలిసిలిండరు మోయనక్కరలేదు, నెలల తరబడి శిక్షణ అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. పదేళ్ళ బాలుడూ, అరవై ఏళ్ళ అమ్మమ్మా ఒకేచోట ఒకే ఆనందాన్ని పొందగలరు. సముద్రగర్భాన్ని సామాన్యునికి చేరువ చేసిన విద్య ఇది. కాని ఈ సౌలభ్యమే పగడానికి ముప్పు తెచ్చినది. లోతున ఉన్న దిబ్బను దాని లోతే కాపాడుతున్నది. దూరాన ఉన్న దిబ్బను దాని దూరమే కాపాడుతున్నది. నగరానికి చేరువలో, చేతికి అందే లోతులో ఉన్న దిబ్బను కాపాడవలసినది మనిషి వివేకం ఒక్కటే.

తెలుగువారికి పగడం క్రొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సుంకం చెల్లించవలసిన సరకులలో పగడాలను కూడా పేర్కొన్నది. కావ్యాలలో అది విద్రుమం, ప్రవాళం. నాయిక పెదవికి ఉపమానం. జ్యోతిషంలో కుజునికి ప్రీతిపాత్రమైన రత్నం, నవరత్నాలలో ఒకటి. ఆభరణాలలో పొదిగే ఆ ఎర్రని పగడం వేరు, అండమాన్ తీరపు దిబ్బలను కట్టే పగడాలు వేరు. అయినను రెండూ ఒకే కోవకు చెందినవి. విచిత్రమేమనగా, ఇన్ని శతాబ్దాలుగా పగడాన్ని ఎరిగిన జాతి దానిని రాయిగానే ఎరిగినది, ప్రాణిగా ఎరుగలేదు.

నిజానికి పగడం రాయి కాదు, మొక్క కాదు, జంతువు. పాలిప్ అనే అతిచిన్న మెత్తని జీవులు వేలకువేలుగా ఒకదానినొకటి అంటిపెట్టుకొని జీవిస్తూ, తమ అడుగున సున్నపు గూడు కట్టుకుంటాయి. తరాలు గడిచినకొద్దీ ఆ గూళ్ళే పేరుకొని దిబ్బ అవుతుంది. పాలిప్‌ల దేహంలో కంటికి కనబడనంత సూక్ష్మమైన శైవలాలు నివసిస్తాయి. అవి సూర్యకాంతితో ఆహారం తయారుచేసి, అందులో అధికభాగాన్ని ఆశ్రయమిచ్చిన జీవికి అందిస్తాయి. పగడానికి రంగులు వచ్చేది ముఖ్యంగా వాటి వలననే. ఇచ్చిపుచ్చుకొనే ఆ స్నేహానికి సూర్యకాంతి కావాలి గనుకనే ఈ పగడాలు లోతు తక్కువైన తేటనీటిలో పెరుగుతాయి. కొన్ని గుండ్రని పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరైనా పెరగవు. అంటే, పట్టుతప్పిన ఒక్క పాదం క్షణంలో విరిచేది ఒక మనిషి జీవితకాలపు పెరుగుదల కావచ్చును. సముద్రపు అడుగుభాగంలో పగడపు దిబ్బలు ఆక్రమించిన చోటు ఒక శాతమైనా లేదు. అయినప్పటికీ సముద్రజీవజాతులలో దాదాపు నాలుగవ వంతుకు అవి ఆశ్రయమిస్తున్నాయని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇటువంటి తోటలోనికి వచ్చే అతిథి వలన హాని ఎట్లా కలుగుతుంది? దుర్మార్గం వలన కలిగేది తక్కువ, తెలియనితనం వలన కలిగేదే ఎక్కువ. దక్కను పీఠభూమిపై పుట్టి పెరిగిన యువకులలో ఈత రానివారు ఎందరో ఉన్నారు. నీటిలో ఒక గ్రుక్క ఉప్పునీరు నోటికి రాగానే వారికి భయం వేస్తుంది. భయం వేసినవాడు మొదట వెదికేది కాలు మోపే చోటు. ఆ చోటు పగడం. పాదపు తొడుగుల తాకిడికి కొమ్మల వంటి పగడాలు విరుగుతాయి. లేచిన ఇసుక మిగిలినవాటిపై పడి కాంతిని కప్పివేస్తుంది. చేతితో నిమిరినా చాలు, పగడాన్ని కాపాడే జిగురుపొర చెదిరిపోతుంది. చేపలకు వేసే రొట్టెముక్కలు వాటి సహజమైన ఆహారపుటలవాటును చెడగొడతాయి. ఒంటికి పూసుకొన్న కొన్ని సన్‌స్క్రీన్ లేపనాలలోని రసాయనాలు నీటిలో కలుస్తాయి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రెండు రసాయనాలున్న లేపనాల అమ్మకాన్ని అమెరికాలోని హవాయి రాష్ట్రం 2021 జనవరి నుండి నిషేధించినది. ఒక్కరు చేసినది ఒక్కసారికి లెక్కలోనికి రాదు. వందలమంది, ఏడాది పొడవునా, అదేచోట చేసినప్పుడు మాత్రం తోట తోటగా మిగలదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవస్తుంది. పగడాలకు అసలు శత్రువు పర్యాటకుడు కాదు, వేడెక్కుతున్న సముద్రం కదా అని. అది సత్యమే. నీటి వేడిమి వేసవిలో ఉండవలసిన గరిష్ఠస్థాయిని ఒక్క డిగ్రీ మించి కొన్ని వారాలు నిలిచినా పగడం తనలోని శైవలాలను వెలికి నెట్టివేస్తుంది. రంగు కోల్పోయి ఎముకల వలె తెల్లబారుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది. తగ్గకపోతే ఆకలితో మరణిస్తుంది. అండమాన్ దిబ్బలు 2010 వేసవిలోనూ, 2016లోనూ ఈ విపత్తుకు లోనయ్యాయి. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారటం నాలుగవసారి సంభవించినదని 2024 ఏప్రిల్‌లో అంతర్జాతీయ శాస్త్రసంస్థలు ప్రకటించాయి. అంతమాత్రాన పర్యాటకుని బాధ్యత తొలగిపోదు సరికదా, ఇంకా పెరుగుతుంది. జ్వరంతో ఉన్నవానికి విశ్రాంతి కావాలి. జ్వరానికి కారణం పరామర్శకు వచ్చినవారు కాకపోవచ్చును. అయినా రోజంతా మంచం చుట్టూ గుమిగూడితే రోగి కోలుకోడు. సముద్రపు వేడిని ఒక నగరం, ఒక ఏడాదిలో తగ్గించలేదు. దిబ్బపై పడే పాదాల సంఖ్యను మాత్రం రేపటి నుండే తగ్గించవచ్చును.

అట్లా తగ్గించిన దృష్టాంతం అండమాన్‌లోనే ఉన్నది. పోర్ట్‌బ్లెయిర్ సమీపంలోని వండూర్ వద్ద 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం ఏర్పడినది. అందులో పర్యాటకులు వెళ్ళే దీవులలో జాలీబాయ్, రెడ్‌స్కిన్ ముఖ్యమైనవి. రెండింటినీ ఒకేసారి తెరవరు. ఏడాదిలో కొంతకాలం ఒకటి, మిగిలిన కాలం మరొకటి. ఒక దీవి అతిథులను ఆదరిస్తుండగా రెండవది విశ్రమిస్తుంది. చేనును ఒక కారు బీడు పెట్టి, నేల బలం పుంజుకొన్న తరువాత విత్తే తెలుగు రైతుకు ఈ నియమం ఎవరూ వివరించనక్కరలేదు. జాలీబాయ్‌కి ప్లాస్టిక్ సీసాలు, సంచులు తీసుకొని వెళ్ళనివ్వరు. ఇంత కట్టడి ఉన్నా జాలీబాయ్ చూడాలనే కోరిక ఎవరికీ తగ్గలేదు. హద్దు ఉన్నంతమాత్రాన ఆనందం తగ్గదని చెప్పటానికి ఇంతకంటె వేరే సాక్ష్యం కావాలా?

హవాయిలో హోనొలులు నగరపు అంచున హనౌమా బే అనే చిన్న అఖాతం ఉన్నది. అగ్నిపర్వతపు బిలంలోనికి సముద్రం చొచ్చుకొని రాగా ఏర్పడిన ఆ చోట ఒడ్డుకు చేరువలోనే పగడపు దిబ్బ ఉన్నది. 1967లోనే దానిని రక్షిత ప్రాంతంగా ప్రకటించినా, ఆ రక్షణ చేపలను పట్టకుండా ఆపినదే గాని జనాన్ని ఆపలేదు. 1980ల చివరినాటికి అక్కడికి ఏడాదికి సుమారు ముప్పై లక్షల మంది వచ్చేవారు. తరువాత నగరపాలకులు మేల్కొన్నారు. రాకపోకలకు పరిమితి పెట్టారు. చేపలకు ఆహారం వేయటం మాన్పించారు. వారంలో సెలవుదినం విధించారు. 2002లో ఒక విద్యాకేంద్రం నెలకొల్పి, క్రొత్తగా వచ్చిన ప్రతివారూ పగడం గురించిన చిన్న చిత్రాన్ని చూచిన పిమ్మటనే తీరానికి దిగాలని నిర్ణయించారు. 2020లో కరోనా కారణంగా నెలల తరబడి ఆ తీరం మూతపడినప్పుడు నీరు మరింత తేటపడినదని శాస్త్రజ్ఞులు గమనించారు. ఆ అనుభవంతో తిరిగి తెరిచిన నాడు రోజువారీ సంఖ్యను మునుపటికంటె బాగా తగ్గించారు. మనిషి కొంత తప్పుకొంటే ప్రకృతి తనను తాను దిద్దుకుంటుందనటానికి ఆ అఖాతం ఒక పాఠశాల.

హద్దు అనగానే కొందరికి స్ఫురించే ఉపాయం ధర. టిక్కెట్టు ధర పెంచితే జనం తగ్గుతారని వారి వాదం. ఈ వాదం ఎంత తేలికైనదో అంత అన్యాయమైనది. ధర పెరిగితే తగ్గేది ఎవరు? ఏళ్ళ తరబడి కూడబెట్టి పిల్లలను తీసుకొని వచ్చిన చిన్న ఉద్యోగి తగ్గుతాడు. ఆ తీరాన్నే చూస్తూ పెరిగిన స్థానిక మత్స్యకారుని కుమారుడు తగ్గుతాడు. పెద్ద జీతమందుకొనే నగరవాసి తగ్గడు. మరొక వేయి రూపాయలు చెల్లించి, చెల్లించినందుకు ప్రతిఫలంగా మరికొంత స్వేచ్ఛను కోరుకుంటాడు. డబ్బు చెల్లించినవానికి అతిథి ననే భావం పోయి, యజమాని ననే భావం కలగటం లోకసహజం. కనుక పగడపు తోటకు కట్టవలసిన కంచె ధర కాదు. కంచె వంతు, సంఖ్య, పాఠం కావాలి. రోజుకు ఇంతమంది అని నిర్ణయించి, ముందుగా పేరు నమోదు చేసుకొన్నవారికి వరుసక్రమంలో అవకాశమివ్వాలి. ఆ వరుసలో సాఫ్ట్‌వేరు సంస్థ అధికారికీ, గుమాస్తాకూ ఒకే స్థానముండాలి. నీటిలో దిగేముందు అందరూ ఒకే పాఠం వినాలి. హనౌమా బేలో సెలవునాడు ఎంత డబ్బున్నవానికైనా ద్వారం తెరవరు. అది నిజమైన హద్దు.

హద్దు పెడితే అక్కడి పడవవారి, మార్గదర్శకుల జీవనం ఏమవుతుందనే ప్రశ్న కూడా న్యాయమైనదే. ఆ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. కాని దిబ్బ నశించిన నాడు వారి జీవనమూ దానితోనే నశిస్తుంది. తెల్లబారిన సున్నపు గుట్టను చూడటానికి సముద్రం దాటి ఎవరు వస్తారు? కూర్చుండి తింటే కొండలైనా కరుగుతాయన్న పెద్దల మాట పగడపు కొండలకూ వర్తిస్తుంది. వందమందిని హడావిడిగా నీటిలో ముంచి తేల్చటం కంటె, పదిమందికి నిదానంగా ప్రతి పగడాన్నీ, ప్రతి చేపనూ పేరుపేరునా పరిచయం చేసే మార్గదర్శకుని విద్యకు ఎక్కువ విలువ కట్టాలి. ప్రభుత్వం అతనికి శిక్షణనివ్వాలి. సందర్శకుడు ఆ విద్యకు తగిన కూలి చెల్లించాలి. ప్రవేశానికి కట్టే ధర వేరు, విద్యకు చెల్లించే దక్షిణ వేరు.

ఈ చర్చ అంతా ఎక్కడో వంగసముద్రపు దీవుల గురించినదని హైటెక్ సిటీ యువత భావించనక్కరలేదు. వారి కార్యాలయాల కిటికీల క్రిందనే దీనికి ప్రథమపాఠం ఉన్నది. అది దుర్గం చెరువు. గోల్కొండ కోటకు కుతుబ్‌షాహీల కాలంలో త్రాగునీరు అందించిన చెరువది. చుట్టూ సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు శిలలు కోటగోడల వలె నిలిచి కనుమరుగు చేయటం వలన దానికి రహస్య సరస్సు అనే పేరు కూడా వచ్చినది. దారి లేనన్నాళ్ళు ఆ చెరువు క్షేమంగా ఉన్నది. మేడలు లేచి అందరికీ అందుబాటులోనికి వచ్చిన తరువాత మురుగునీరు చేరినది, గుర్రపుడెక్క అల్లుకొన్నది, ఒడ్డున శిలలు పగిలిపోయాయి. శిలలను రక్షించటానికి 1996లోనే నగరంలో ఒక సంఘం ఏర్పడినా, పగిలినవి పగిలిపోగా మిగిలినవే దక్కాయి. 2020 సెప్టెంబరులో తీగల వంతెన ప్రారంభమైనప్పటి నుండి సాయంకాలం వేలమంది ఆ దీపకాంతులలో ఛాయాచిత్రాలు తీసుకుంటున్నారు. మురుగును శుద్ధిచేసే ప్రయత్నాలూ సాగుతున్నాయి. అయితే వంతెన మీద నిలిచినవారిలో వంతెనను చూచేవారెందరు, నీటిని చూచేవారెందరు? పెరటిచెట్టు మందుకు రాదన్నట్లు, ఇంటి ముంగిటి నీటిని గౌరవించనివారు దూరపు సముద్రాన్ని గౌరవించగలరా?

ఆ గౌరవానికి తెలుగువారి భాషలోనే చక్కని మాట ఒకటి ఉన్నది. అది దర్శనం. దేవాలయానికి వెళ్ళిన భక్తుడు గర్భగుడి గడప ఇవతలనే నిలుస్తాడు. విగ్రహాన్ని తాకలేదని చింతించడు. వరుసలో నిలవవలసి వచ్చినదని అలగడు. కన్నులారా చూచి, చోటు విడిచి, వెనుకవానికి దారి ఇస్తాడు. తాకకపోవటం వలన అతని భక్తికి వచ్చిన లోటు లేదు. పగడపు తోటకు కావలసినది కూడా దర్శనమే, స్పర్శ కాదు. 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, పులి ఉన్న పట్టికలోనే చేర్చారు. పులిగోరును జేబులో వేసుకొని రావటం ఎంత నేరమో, గుర్తుగా ఉంటుందని పగడపు ముక్కను తీసుకొని రావటం అంతే నేరం. కాని చట్టం తీరమంతటా కాపలా ఉండలేదు. సంస్కారం ఎక్కడికైనా వెంట వెళ్ళగలదు.

నేడు కళాశాలలో చదువుతున్న విద్యార్థి నాలుగైదేళ్ళలో ఉద్యోగి అవుతాడు. తొలి వేతనంతో మిత్రబృందాన్ని వెంటబెట్టుకొని సముద్రతీరానికి ప్రయాణం కడతాడు. ఆ ప్రయాణానికి ముందు అతడు చేయవలసినవి పెద్ద పనులు కావు. నగరంలోని ఈతకొలనులో కాలు మోపకుండా తేలటం నేర్చుకోవాలి. ఎండకు లేపనం బదులు పొడుగు చేతుల చొక్కా ధరించాలి. చేతులు వెనుకకు కట్టుకొని చూడటం అలవరచుకోవాలి. ఈనాడు ప్రవేశం ముగిసినదని చెప్పినవానితో వాదులాడక, మరునాటి వంతు కోసం వేచి ఉండాలి. ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగటానికి పగడం చూపుతున్న ఓర్పులో, ఒక్కరోజు వేచి ఉండటం ఎన్నో వంతు? ఆ ఓర్పు అలవడినవాడు తోటను చూచి వస్తాడు. అతని తరువాత వచ్చేవారికి చూడటానికి తోట మిగిలి ఉంటుంది.